బొగ్గుతో రాసిన రాజధిక్కారం

నిజామాబాద్ ఖిల్లా జైలులో పళ్లు తోముకోవడానికి ఖైదీలకు బొగ్గు ఇచ్చేవారు. 1948లో ఆ బొగ్గుముక్కతోనే దాశరథి కృష్ణమాచార్య జైలు గోడ మీద ఏడో నిజామును నిందిస్తూ పద్యాలు రాశారు. సిబ్బంది చెరిపేస్తే మళ్లీ రాశారు. అదే జైలులో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసి తోటి ఖైదీలకు వినిపించేవారని చెప్పుకుంటారు. యతిప్రాసలంటే చాదస్తమని తీసిపారేసే కవిమిత్రులు ఈ సంగతి కాస్త ఆలోచించాలి. కాగితం దొరకని చోట, రాసింది రాసినట్టే మాయమయ్యే చోట ఒక రచన ప్రాణంతో బయటపడిందంటే, ఆ గణాలూ ఆ ప్రాసా దాన్ని నోటికి పట్టి ఉంచబట్టే.

దాశరథిని జైలుకు పంపింది ఆ పద్యాలు కావు, ఉద్యమం. జైల్లో కూర్చుని, వార్డర్ల కళ్లముందే, ఇంకా గద్దె మీదున్న రాజును తిట్టడమే ఈ కథలో అసలు విశేషం. అప్పటికి రజాకార్లు ఊళ్లమీద పడుతున్నారు. సెప్టెంబరులో భారత సైన్యం వస్తుందని ఎవరూ భరోసా ఇవ్వలేదు. రాజ్యం పోయాక రాజును దుమ్మెత్తిపోయడానికి నోరుంటే చాలు.

ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో నోరు విప్పడమంటే ఎంత ఖర్చో ఈ తరానికి సరిగ్గా తెలియదు. గస్తీ నిషాన్ 53 అనే సర్క్యులర్ ఒకటుండేది. సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టుకోవడానికి లేదు. 1937లో ఇదే నిజామాబాదులో జరిగిన ఆరో ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు మందుముల నరసింగరావు. ఆయన నడిపిన ఉర్దూ పత్రిక ‘రయ్యత్’ను సర్కారు నిషేధించింది. అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్ ఆ తర్వాత ‘ఇమ్రోజ్’ పెట్టి, భారతదేశంలో విలీనం కావాలని రాశాడు. 1948 ఆగస్టులో ఇంటికి వెళ్తున్న ఆయన్ను రాత్రిపూట అడ్డగించి, రాసే చేతిని నరికి చంపేశారు. సైన్యం రావడానికి నెలరోజులైనా లేదు.

సరిహద్దు దాటి బెజవాడకో బొంబాయికో వెళ్లి రాద్దామంటే అక్కడా పూర్తి స్వేచ్ఛ లేదు. సంస్థానాధీశుల మీద ప్రజలకు ద్వేషం పుట్టించే రాతలు బ్రిటిష్ ఇండియాలో అచ్చయితే ఐదేళ్ల దాకా జైలుకు పంపే చట్టం 1922లో వచ్చింది. ఆ బిల్లును ప్రవేశపెట్టనివ్వడానికే కేంద్ర శాసనసభ ఒప్పుకోలేదు. వైస్రాయ్ లార్డ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో దాన్ని గట్టెక్కించాడు. ఇక్కడి రాజుల పరువు కాపాడటానికి తెల్లదొర తన సభ మాటే తోసేశాడన్నమాట. మన చరిత్ర పాఠాల్లో ఈ చట్టం పేరు ఎందుకో కనబడదు.

ఇక జిల్లాలో బోధన్ వైపు వెళ్తే వినబడే మాట వేరు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీళ్లతో చెరుకు పండింది కనుకే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని జిల్లావాసులు గొప్పగా చెప్పుకునేవారు. క్రషింగ్ సీజన్లో రోడ్డు పొడవునా బండ్ల బారులు, గాలిలో బెల్లప్పాకం వాసన, ఇవన్నీ చూసి పెరిగిన పెద్దమనిషి ముందు నిజామును తిడితే ఊరుకోడు. ‘ఆయన కట్టిందే, ఆయన పెట్టిందే. మన సర్కార్లు వచ్చి అమ్ముకున్నయి, మూసేసినయి’ అంటాడు. ఆయన మాట అబద్ధమేమీ కాదు. ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లాకౌట్ బోర్డు పడింది. తెరిపిస్తామన్న హామీ ఆ తర్వాత ఏ ఎన్నికలోనూ తప్పలేదు.

ఆ పెద్దమనిషి కృతజ్ఞతను మేం తప్పుపట్టం. మా పేచీ ఒక్కటే. కాలువ తవ్వింది ఖజానా సొమ్ముతో, ఖజానా నిండింది రైతు కట్టిన శిస్తుతో. మునిగిన ఊళ్లు కూడా రైతులవే. రాజు మంచి పని చేశాడు కనుక రాజును ఒక్క మాట అనకూడదన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? ఆ లెక్కే నడిస్తే ప్రాజెక్టు కట్టిన ప్రతి ముఖ్యమంత్రికీ ఒక గస్తీ నిషాన్ రాసివ్వాలి.

ఇంకో వైపు నుంచి వచ్చే పాడుపని కూడా చెప్పాలి. దాశరథి పద్యాన్ని ఎత్తుకుని పక్కింటి ముస్లిము మీదికి విసరడం ఈమధ్య కొందరికి అలవాటైంది. ఆయన తిట్టింది సింహాసనాన్ని. గాలిబ్ గజళ్లను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఉర్దూ మీద అంత ప్రేమ ఉన్న మనిషి నోటి మాటను మతం గొడవలో ఆయుధం చేసుకుంటున్నవాళ్లు ఆ పుస్తకం అట్టయినా తిప్పి చూసినట్టు లేరు. నిజాం రాజ్యంలో నిజం కోసం నిలబడి చేయి పోగొట్టుకున్నవాడి పేరు షోయబుల్లా అని కూడా వాళ్లకు గుర్తు చేయాలి.

1949లో దాశరథి పద్యాలు ‘అగ్నిధార’ పుస్తకంగా వచ్చాయి. అప్పటికి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠీలోనే ఉన్నాడు. మరుసటి ఏడు హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఆ హోదాలో కొనసాగాడు. తిట్లు తిన్న రాజు కొత్త హోదాలో, తిట్టిన కవి పుస్తకం బజారులో, రెండూ ఒకే కాలంలో నడిచాయి. ఆకాశం విరిగిపడలేదు. 1977లో అదే దాశరథిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆస్థానకవిని చేసింది. ఆస్థానమే లేని ప్రజాప్రభుత్వంలో ఆ బిరుదేమిటని అప్పుడు నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు.

రాజును అవమానించడం నేరంగా ఉన్న దేశాలు మన జిల్లాకు దూరమేమీ కావు. ఆర్మూరు, బోధన్, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు దొరకడం కష్టం. కువైట్‌లో అమీరును నిందిస్తే ఐదేళ్ల దాకా జైలు. బహ్రెయిన్‌లో జైనబ్ అల్ ఖవాజా అనే ఆమెకు రాజు ఫొటో చింపినందుకు 2014లో మూడేళ్ల శిక్ష వేశారు. థాయ్‌లాండ్‌లో 112వ సెక్షన్ కింద ఒక్కో మాటకు మూడు నుంచి పదిహేనేళ్లు. 2021లో ఒక మాజీ ప్రభుత్వోద్యోగినికి ఆడియో క్లిప్పులు పంచుకున్నందుకు మొత్తం 87 ఏళ్లు లెక్కగట్టి, నేరం ఒప్పుకున్నదని సగం తగ్గించారు. అక్కడ రాజుగారు ఫిర్యాదు చేయనక్కర్లేదు. దారిన పోయేవాడెవడైనా స్టేషన్‌కు వెళ్లి రాయించొచ్చు.

ఆ చివరి మాట చదివి మనకు కొత్తగా అనిపించకపోవడమే విచారం. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ, గద్దె మీద ఏ పార్టీ ఉన్నా, ముఖ్యమంత్రి మీద పెట్టిన ఫేస్‌బుక్ పోస్టుకు పార్టీ కార్యకర్త ఫిర్యాదు చేస్తాడు, తెల్లారేలోపు పోలీసులు తలుపు కొడతారు. సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015లోనే కొట్టేసింది, రాజద్రోహం సెక్షన్ 124ఏను 2022లో పక్కన పెట్టించింది. అయినా వేరే సెక్షన్లు దొరుకుతూనే ఉన్నాయి. 2025 మార్చిలో హైదరాబాదులో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. ముఖ్యమంత్రిని ఒక రైతు తిడుతున్న వీడియోను ప్రసారం చేయడం వాళ్ల మీదున్న ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, ముఖ్యమంత్రి మీద పెట్టిన పోస్టులకు కట్టిన కేసులను కొట్టేస్తూ పోలీసులకు కొన్ని హద్దులు గీసింది. పరువు పోయిందంటే ఆ పోయినవారే ఫిర్యాదు చేయాలి. మాట ఘాటుగా ఉందని యాంత్రికంగా ఎఫ్ఐఆర్ కట్టకూడదు.

ఏటా జూలై 22న దాశరథి జయంతికి వేదిక మీదకు వచ్చే నాయకులను ఈసారి నిర్వాహకులు ఒక ప్రశ్న అడగాలి. ఆ తీర్పు వచ్చాక, తమను తిట్టారని తమ తరఫున పెట్టిన కేసుల్లో ఎన్నింటిని వెనక్కి తీసుకున్నారు? జవాబు చెప్పాకే శాలువా కప్పండి.