గుడికీ గుడిసెకూ మూలం ఒక్కటే

గుడి అనగానే మనిషి తల వంచుతాడు. గుడిసె అనగానే తల తిప్పుకుంటాడు. కానీ ఈ రెండు మాటలూ తోబుట్టువులే. తమిళంలో ‘కుడి’ అంటే ఇల్లు, ‘కుడిసై’ అంటే గుడిసె. కన్నడంలో ‘గుడి’, ‘గుడిసలు’ ఉన్నాయి. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ పదమూలాల నిఘంటువు వీటన్నిటినీ ఒకే కుదురు కింద చేర్చింది. మనిషి తలదాచుకునే చోటుకూ, దేవుణ్ణి కొలిచే చోటుకూ మన పూర్వులు ఒకే మూలం నుంచి పేరు పెట్టుకున్నారు.

కాలక్రమంలో గుడికి గోపురం లేచింది. గుడిసె మాత్రం తాటాకుల కిందే ఉండిపోయింది. పైగా ఆ పేరు మీద ఒక తిట్టు కూడా పుట్టింది. పేద స్త్రీల మీదికి విసిరే ఆ మాట ఇక్కడ రాయదగ్గది కాదు. మన గోదావరి జిల్లాల్లో గుడిసె కనిపించేది కాలవ గట్టున, పుంత పక్కన, లంకల్లో. 1986 ఆగస్టు వరదకైనా, 1996 నవంబరు కోనసీమ తుఫానుకైనా ముందుగా పోయినవి అవే.

బైబిలులో గుడిసెకు హెబ్రీ మాట ‘సుక్కా’. యాకోబు పశువులకు వేయించిన పాకలు (ఆది 33:17) అవే. సుక్కోతు అనే ఊరికి ఆ పేరు అలాగే వచ్చింది. ద్రాక్షతోటలోని గుడిసె (యెషయా 1:8), పడిపోయిన దావీదు గుడారం (ఆమోసు 9:11), పర్ణశాలల పండుగ (లేవీ 23:34), అన్నిచోట్లా మూలంలో ఉన్నది ఆ మాటే. పంట ఇంటికి చేరాక ఇల్లున్నవాడు కూడా ఏడు రోజులు ఆకుల పందిరి కింద గడపాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఐగుప్తు నుంచి విడుదలైన తమ పితరులు గుడిసెల్లో బతికినవారేనని కలిగినవారు మరచిపోకూడదనే.

దావీదు దేవదారు ఇంట్లో కూర్చుని దేవునికి మందిరం కడతానన్నాడు. నేను డేరాలోనే తిరిగాను, మందిరం కావాలని ఎన్నడైనా అడిగానా అన్నాడు దేవుడు (2 సమూ 7:5-7). వాక్యం శరీరధారియై మన మధ్య నివసించాడని యోహాను రాసినచోట (1:14) గ్రీకు మాటకు అసలు అర్థం ‘గుడారం వేసుకున్నాడు’ అని. ప్రభువు మన మధ్యకు వచ్చింది గోపురం కట్టుకుని కాదు.

1836లో ఇండియాకు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ చేసిన బౌడెన్, బీర్ మిషనరీల కాలం నుంచి మన సంఘాలు పెరిగింది పేదల పేటల్లోనే. ఎన్నో సంఘాల తొలి ఆరాధన తాటాకు పాకలోనే జరిగింది. ఇప్పుడు పాక పోయి శ్లాబు వచ్చింది, మార్బుల్ వచ్చింది, టవరు లేస్తోంది. సంతోషమే. కానీ అదే సంఘంలో చందా ఇచ్చిన విధవరాలు వాన కురిసే రాత్రి గిన్నెలు పరుచుకుని కూర్చుంటే, ఆ టవరు ఎవరి మహిమ కోసం?

మందిర నిర్మాణానికి కానుక అడిగినప్పుడల్లా మనం హగ్గయి ప్రవక్తను తలుస్తాం. దేవుని మందిరం పాడై ఉండగా మీరు చక్కని ఇళ్ళలో ఉండడం తగునా అన్నాడాయన (1:4). అయితే ఆ గద్దింపు పలకలు తాపడం చేసిన ఇళ్ళలో ఉన్నవారికి. గుడిసెలో ఉన్నవారికి కాదు. ఆ వాక్యం చూపించి గుడిసెలోని రూపాయిని పిండడం వాక్యాన్ని తలకిందులు చేయడమే.

కాబట్టి బిల్డింగ్ ఫండ్ పక్కనే కప్పుల ఫండ్ కూడా ఒకటి ఉండాలి. తొలకరికి ముందే సంఘపెద్దలు గుడిసెగుడిసెకూ వెళ్ళి చూడాలి. తాటాకు మార్చాల్సిన చోట మార్పించాలి. ఇళ్ళ స్థలం పట్టా కోసం తిరిగే వారి వెంట ఆఫీసుకు వెళ్ళాలి. ఆ తరవాతే రెండో అంతస్తు సంగతి. గుడిసె కారుతుంటే గుడి పొడిగా ఉండి ప్రయోజనమేమిటి? రెండూ ఒక తల్లి బిడ్డలే కదా!