డ్రోను పైన... డబ్బా కింద

మనుబోలు చుట్టుపక్కల వరికి మందు కొట్టడమంటే మొన్నమొన్నటిదాకా ఒకటే పద్ధతి. వీపున 16 లీటర్ల పంపు, మోకాళ్లదాకా బురద, మొహానికి చుట్టుకున్న తువ్వాలు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లంటే పన్నెండు, పదమూడు పంపులు మోయాలి. పంపు కారితే వీపంతా తడుస్తుంది. ముక్కు మూసుకుంటే చాలనుకుంటారు గానీ, మందు కొట్టేవాళ్ల ఒంట్లోకి విషం ఎక్కువగా చేరేది చర్మం నుంచే!

ఇప్పుడు నెల్లూరు జిల్లా వరి మళ్ల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. 2021 ఆగస్టులో కేంద్రం డ్రోన్ల నిబంధనలను సరళం చేసింది. 2023 నవంబరులో మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లిచ్చే ‘నమో డ్రోన్ దీదీ’ పథకాన్ని ఆమోదించింది. ఎకరం పని పది నిమిషాల్లో ముగుస్తుంది. మనిషి మడిలో దిగక్కర్లేదు. పాము భయం లేదు. పంపు మోసేవాళ్ల కూలి పోతుందన్నది వేరే బాధ. ఒంటి మాటకొస్తే మాత్రం ఇది మంచి మార్పే.

మరి విషం ఎటు పోయింది? గట్టు మీది డబ్బాలోకి.

లెక్క చిన్నదే. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలపాల్సిన మందు ఎకరానికి 400 మిల్లీలీటర్లు పడుతుంది. చేతి పంపయితే అది 200 లీటర్లలో కరుగుతుంది. డ్రోనుకు అదే మందును 10 లీటర్లలో కలుపుతారు. అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఇరవై రెట్ల చిక్కదనం! డ్రోను నడిపేవాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఉంటాయి. మందు కలిపేది మాత్రం చాలాచోట్ల రైతో, పక్కనున్న కూలీయో. చేతికి తొడుగుండదు. కలపడానికి కర్ర దొరక్కపోతే చెయ్యే. ఒక్క చుక్క చిందినా అది పాత చుక్క కాదు.

కొత్త పరికరం కొత్త ప్రమాదం తేవడం ఇదే మొదలు కాదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. సన్నటి తుంపరను జోరుగా చిమ్మే బ్యాటరీ పంపులూ ఒక కారణమని అప్పట్లో గట్టిగానే వినిపించింది. డ్రోను తుంపర కూడా సన్ననిదే. గాలి ఉంటే పక్క మడిలో కలుపు తీస్తున్న ఆడవాళ్ల మీద పడుతుంది. పంపు మనిషైతే ‘జరగండమ్మా’ అని కేకేసేవాడు. డ్రోనుకు నోరు లేదు కదా. ఆ కేకేదో గట్టు మీదున్నవాళ్లే ముందుగా వెయ్యాలి. మనుబోలులో 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది కాబట్టి, ఎగరేసేముందు పైన తీగలెక్కడున్నాయో చూసుకోవడం ఇంకో పని.

మందు కలిపేవాళ్లకు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా కావాలి. డ్రోను అద్దెతో పోలిస్తే ఇదేం పెద్ద ఖర్చు కాదు. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి కలపాలి. మీద చిందితే బట్టలు విప్పేసి వెంటనే సబ్బుతో కడగాలి. తలనొప్పి, విపరీతమైన చెమట, నోట్లో నీరూరడం, చూపు మసకబారడం కనిపిస్తే ఎండదెబ్బని మజ్జిగ తాగి పడుకోకూడదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులకు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది. అయితే ఏ మందో డాక్టరుకు తెలియాలి. అందుకని ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు లేబుల్ ఉన్న ఆ డబ్బాను సంచిలో చుట్టి వెంట తీసుకెళ్లాలి.