దమ్ముకి సూది సరిపోదు

అర్ధరాత్రి దమ్ము లేస్తే మన వాడలో ఏం చేస్తం? ఆర్‌ఎంపీ తలుపు కొడతం. సూది పడుతది, పిల్లికూతలు తగ్గుతయి, తెల్లారి కూలికి పోతం. వారం తిరగక ముందే మళ్లీ అదే తలుపు. సర్కారు దవాఖానకు పోయినా మూతికి మాస్కు పెట్టి ఆవిరిమందు పట్టించి ఇంటికి పంపిస్తరు. దీన్ని వైద్యం అందామా?

ఉబ్బసం అంటే ఊపిరిగొట్టాల లోపలి వాపు. సాల్బుటమాల్ బిగుసుకున్న గొట్టాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. కొన్ని గంటలకే దాని పని అయిపోతుంది. వాపు తగ్గించేది బుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్. పెద్దవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలేయొద్దని, ఉబ్బసం వైద్యానికి ప్రపంచమంతటా దారి చూపే గినా సంస్థ 2019లోనే చెప్పింది. ఈ రెండు మందులూ కేంద్రం 2022లో ప్రకటించిన అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. కాగితం మీదున్న మందు మాలమాదిగ వాడలకు ఎందుకు రాదు?

"పంపు అలవాటైతే వదలదు" అనేది అబద్ధం. పీల్చే మందు కొద్ది మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. అసలు ప్రమాదం నెలల తరబడి మింగించే స్టెరాయిడ్ గోలీలతో. ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది.

జిన్నింగు మిల్లులో దూది దుమ్ము, మిర్చి యార్డులో ఘాటు, క్రషర్ కాడ రాతిపొడి, వీధులూడ్చే చీపురు. ఈ పనులు ఎవరి నెత్తిన పెట్టారో మనకు తెలుసు. దుమ్ము మన వంతు, మందు పైసలున్నోళ్ల వంతా?

మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందు కోసం సర్కారే దగ్గరుండి ఏర్పాట్లు చేస్తుంది. ఒక్కరోజు చేపపిల్లకున్న ఏర్పాటు ఏడాది పొడవునా పంపుకి ఎందుకుండదు?

మనం అడిగేది గొంతెమ్మ కోరికలు కావు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు రకాల పంపులూ ఏడాదంతా ఉండాలి. మందు నోట్లోనే ఆగిపోకుండా స్పేసర్ ఇవ్వాలి. ఊదించి ఊపిరి బలం కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఉండాలి. పంపు ఎట్ల పీల్చాలో నర్సమ్మ చేసి చూపాలి, మనతో చేయించి చూడాలి. బీపీ, షుగర్ లెక్కనే ఉబ్బసానికీ రిజిస్టర్ పెట్టి నెలనెలా పిలవాలి. ఎన్ని సూదులేశారన్నది కాదు లెక్క. ఎన్ని రాత్రులు నిద్రపోయినం, ఎన్ని కూలిరోజులు పోగొట్టుకున్నం అన్నదే లెక్క.

సంఘం కార్యకర్తలారా! వాడవాడ తిరిగి దమ్ముతో బాధపడేటోళ్ల పేర్లు రాయండి. ఏ దవాఖానలో ఏ మందు లేదో రాయండి. ఆ కాగితం పట్టుకొని సోమవారం ప్రజావాణికి నడుద్దాం.