పదిమంది కోపం ఉద్యమం, ఒక్కదాని కోపం రోగమా?

1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అక్షరదీపం రాత్రిబడుల్లో చదివిన పాఠాలు వాళ్ల కోపానికి మాటలిచ్చాయి. ఆ కోపం ఊళ్లు దాటి పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చేదాకా ఆగలేదు. దూబగుంట రోశమ్మ పేరు చరిత్రకెక్కింది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతం గురించి మనం గర్వంగా చెప్పుకునే మాట ఇది.

మరి అదే ప్రాంతంలో ఒంటరిగా కోపం తెచ్చుకున్న ఆడమనిషి గతేమిటి? తాగొచ్చి కొట్టే మొగుడి మీద తిరగబడి, అటు అత్తింటికీ ఇటు పుట్టింటికీ కాకుండా పోయి, చేతులు కోసుకునో పురుగుమందు తాగో ఆసుపత్రికి చేరినామెకు అక్కడ ఏం పేరు పెడుతున్నారు?

పరిశోధన కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక ఆసుపత్రి వార్డులో ఒక రాత్రి గడిపాను. ఊరి పేరు చెప్పను, ఆమె ఆనవాలు ఎవరికీ దొరకకూడదు. రెండోసారి పురుగుమందు తాగిన ఒకామెకు ఆ రాత్రి కడుపు కడిగారు. ప్రాణం నిలిచింది. తెల్లవారుజామున ఆమె "సిస్టర్, కాసేపు నా పక్కన కూచోండి" అంది. "రాత్రంతా నీతోనే సరిపోయింది. ఇంక నాటకాలు చాలించమ్మా" అంది నర్సు. తర్వాత నా వైపు తిరిగి, "ఈమెకిది మామూలే మేడమ్. పర్సనాలిటీ కేసు" అంది. ఆ వార్డు మొత్తానికీ ఆ రాత్రి ఉన్నది ఆ నర్సు ఒక్కతే. ఆమె మీద నాకు కోపం రాలేదని చెప్పను. కాని ఆ మాట ఆమెకు నేర్పిందెవరు?

'వ్యక్తిత్వ లోపం' అనే ముద్రకు ఒక చరిత్ర ఉంది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగాల జాబితా మూడో కూర్పులో హిస్టీరియాను విడగొట్టి వేరే పేర్లలోకి సర్దేసింది. 'బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ లోపం' జాబితాకెక్కింది కూడా ఆ కూర్పులోనే. ఈ పేరు పడినవాళ్లలో ముప్పాతికమంది ఆడవాళ్లని 1994 నాటి నాలుగో కూర్పు రాసింది. ఆసుపత్రుల బయట, మామూలు జనంలో తర్వాత జరిపిన సర్వేల్లో మాత్రం ఆడా మగా తేడా అంతగా కనిపించలేదు. అంటే తేడా ఎక్కడుంది? మనుషుల్లోనా, ముద్ర వేసే చేతుల్లోనా?

ఇంకో సంగతి. 1987లో అదే జాబితా అనుబంధంలో 'తనను తానే ఓడించుకునే వ్యక్తిత్వం' అని ఒకటి చేర్చారు. దెబ్బలు తింటూ కాపురం చేసే భార్యలందరికీ ఈ లక్షణాలు అతుకుతాయని స్త్రీవాదులు పోరాడారు. 1994లో దాన్ని తీసేశారు. పోరాడితే పోయే పేరు ప్రకృతి సత్యం ఎలా అవుతుంది?

అలాగని ఆ బాధ అబద్ధమని నేననడం లేదు. వదిలేస్తారనే భయం, క్షణంలో భగ్గుమనే మనసు, చచ్చిపోవాలన్న తలపు అన్నీ నిజమే. చిన్నతనంలో హింసకూ లైంగిక అత్యాచారానికీ గురైనవాళ్లకే ఈ ముద్ర తరచుగా పడుతోందని జుడిత్ హెర్మన్ 1992లోనే రాసింది. ఈ బాధకు ఒక చికిత్సా పద్ధతిని తయారుచేసి 1993లో పుస్తకంగా వెలువరించిన మార్షా లీనహన్, వయసులో ఉండగా తనూ తన ఒళ్లు కోసుకుని ఆసుపత్రిలో బందీగా ఉన్నదాన్నేనని 2011లో బయటపెట్టింది. 'పుట్టుకతో వచ్చిన గుణం, పుడకలతో గానీ పోదు' అనే మన సామెత ఇక్కడ చెల్లదు.

మన మెట్ట ప్రాంతంలో చాలా ఇళ్లల్లో ఇలాంటి మనిషిని ముందు ఆసుపత్రికి తీసుకుపోరు. గాలి సోకిందని ఆత్మకూరు దగ్గర ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోతారు. మతంతో పని లేకుండా అందరూ వస్తారక్కడికి. మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టేయడం తేలిక. కాని గాలి అన్నప్పుడు తప్పు బయటినుంచి వచ్చినదవుతుంది. వైద్యం వేసే ముద్ర తప్పునంతా ఆమె గుణంలోనే పెడుతుంది. దర్గాలే చాలునని నేను చెప్పడం లేదు. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగిన అగ్నిప్రమాదంలో, గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల తప్పించుకోలేక 28 మంది బలయ్యారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. వార్డులో వేసే ముద్రను ఏ చట్టం విప్పుతుంది?

ఆ ముద్ర వార్డుతో ఆగదు. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణ 'సైకోపతిక్ డిజార్డర్'ను కూడా విడాకులు కోరగల మానసిక రుగ్మతల్లో చేర్చింది. విపరీతమైన దూకుడు, బాధ్యత లేని ప్రవర్తన దాని నిర్వచనం. రోగం పేరు ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది, నిజమే. అయినా కేసు షీటు మీద అలవోకగా రాసిన మాట రేపు మొగుడి చేతిలో ఆయుధం కాదా? కొట్టినవాడి గుణానికి కేసు షీటు ఎక్కడుంది?

ఈ మనుషులకు కావలసిన సేవ బ్రహ్మవిద్య కాదు. రోజూ వీలైనంతవరకు ఒకే నర్సు చూడాలి. మళ్లీ ఫలానా టైముకు వస్తానని చెప్పి, ఆ టైముకు రావాలి. గాయానికి దెప్పిపొడవకుండా కట్టు కట్టాలి. ఏది కుదురుతుందో ఏది కుదరదో ముందే స్పష్టంగా చెప్పాలి, దాన్ని శిక్షగా మార్చకూడదు. మొగుణ్ణీ అత్తనూ బయటికి పంపి, "ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా?" అని అడగాలి. ఇంటికి పంపేముందు, ఆ తలపు మళ్లీ వస్తే ఎవరిని పిలవాలో, పురుగుమందు ఇంట్లో లేకుండా ఎలా చూసుకోవాలో ఆమెతో కూచుని రాయాలి.

దీనికి మందులకన్నా ఎక్కువగా కావలసింది తీరిక. ఒక్కతే వార్డంతా మోసే నర్సుకు అదే లేదు. జనరల్ నర్సింగులో మానసిక ఆరోగ్యం ఒక సబ్జెక్టుగా చదివి వదిలేసినామెకు, తర్వాత ఎవరు నేర్పారు? నర్సూ ఆడదే, రోగీ ఆడదే. ఇద్దరినీ ఒకరిమీదికొకరిని తోసి ప్రభుత్వం తప్పుకుంటోంది.

ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ఆమెకు సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 చట్టంలోని 115వ సెక్షను చెబుతోంది. కనుక మనం అడగవలసింది దయాధర్మం కాదు. ఉదయగిరి, ఆత్మకూరు ఆసుపత్రుల్లో మానసిక నర్సింగులో శిక్షణ పొందిన నర్సులను పర్మినెంటు పోస్టుల్లో వెయ్యాలి. రాత్రి డ్యూటీకి ఒక్కరినే వదలకూడదు. గృహహింస గురించి అడగకుండా ఏ స్త్రీ కేసు షీటు మీదా వ్యక్తిత్వ లోపమని రాయకూడదు.

ఈ డిమాండ్లతో నర్సుల సంఘాలూ మహిళా సంఘాలూ కలిసి నడవాలి. దూబగుంటలో ఆడవాళ్లు ఒకరి పక్కన ఒకరు కూచున్నారు గనకే వాళ్ల కోపం ఉద్యమమయింది. ఆ తెల్లవారుజామున ఆమె అడిగింది కూడా అదే, కాసేపు పక్కన కూచోమని.