తీపి చాటున తప్పే లెక్క

ప్రశ్న: డాక్టరు గారూ! నా వయసు 44. నెలకొకసారి స్నేహితులం మా ఇంట్లో కలుస్తాం. ఇదివరకు విస్కీ, సోడా తప్ప ఎరగం. ఈ మధ్య పళ్లరసాలు, పుదీనా కలిపి కాక్‌టెయిల్స్ చేస్తున్నాను. బాగున్నాయని అందరూ మెచ్చుకుంటున్నారు. పళ్లరసం కలిపితే మద్యం చేసే చెడు తగ్గుతుందని ఒకరూ, రకరకాల మద్యాలు కలిపితే విషమవుతుందని మరొకరూ అంటున్నారు. ఏది నిజం? ఇంట్లో కలుపుకునేవాళ్లు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండు మాటలూ నిజం కావు. పళ్లరసం ఆల్కహాలుకు విరుగుడు కాదు. రెండు మూడు మద్యాలు ఒకే గ్లాసులో కలిసినంత మాత్రాన కొత్త విషమేదీ పుట్టదు. విస్కీ, రమ్ము, వోడ్కా, బీరు — ఏది తీసుకున్నా మత్తు కలిగించే పదార్థం ఒక్కటే. దాని పేరు ఈథైల్ ఆల్కహాలు. సీసా మీది పేరు కడుపుకు తెలియదు. మొత్తం ఎంత ఆల్కహాలు లోపలికి వెళ్లింది, ఎంతసేపట్లో వెళ్లింది అన్నదే ముఖ్యం. కాక్‌టెయిల్‌తో వచ్చే చిక్కల్లా ఈ లెక్క తప్పిపోవడమే.

ముందు ఆ లెక్క చూద్దాం. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాంది, రమ్ములలో సాధారణంగా నూటికి 42.8 వంతులు ఆల్కహాలు ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు. ఆరోగ్యవంతుల లివరు గంటకు 7 నుంచి 10 గ్రాముల వరకే ఖర్చు చేయగలదు. ఒక చిన్న పెగ్గు పూర్తిగా దిగిపోవాలంటే గంట, గంటన్నర పడుతుందన్నమాట. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, మజ్జిగ తాగినా ఈ వేగం పెరగదు.

ఇప్పుడు మీ గ్లాసుల సంగతి. మోహిటోలో తెల్ల రమ్ము 45 మిల్లీలీటర్లు పోసి నిమ్మరసం, పుదీనా, పంచదార, సోడా కలుపుతారు. బ్లడీ మేరీలో వోడ్కా 45, టొమాటో రసం 90. స్క్రూడ్రైవర్‌లో వోడ్కా 50, నారింజ రసం 100. ఇవి పుస్తకాల కొలతలు. ఒక్కో గ్లాసులో పెగ్గున్నర, అంతకు కాస్త పైన ఉంటుంది. లాంగ్ ఐలండ్ ఐస్‌డ్ టీ అనేది మరొకటి ఉంది. పేరుకే టీ. అందులో టీ ఆకు ఒక్కటీ ఉండదు. వోడ్కా, జిన్, రమ్ము, టెకీలా, నారింజ వాసన గల లిక్కరు — ఒక్కోటి 15 మిల్లీలీటర్ల చొప్పున పోసి, నిమ్మరసం, పంచదార పాకం వేసి, పైన కోలా కలుపుతారు. తాగేవారికి ఒక్క గ్లాసు. లివరుకు మాత్రం రెండు పెగ్గులు దాటిన బరువు.

మామూలు విస్కీ గొంతులో మండుతుంది. ఆ మంట ఒక హెచ్చరిక వంటిది. తీపి, పులుపు, చల్లదనం కలిసి ఆ మంటను కప్పేస్తాయి. దాహానికి షర్బతు తాగినట్లు గటగటా తాగేస్తారు. పైగా ఇంట్లో సీసా వంచి పోసే చేతికి కొలత ఉండదు. అతిథి మీద ప్రేమ ఎక్కువైన కొద్దీ ధార లావవుతుంది!

మన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడిపేవారి రక్తంలో ఆల్కహాలు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. 60 కిలోల బరువున్న మగవాడు ఖాళీ కడుపుతో 60 మిల్లీలీటర్ల వోడ్కా కలిపిన ఒక్క గ్లాసు త్వరగా తాగితే ఈ హద్దు దాటిపోవచ్చు. ఆడవారికి అంతకన్న తక్కువతోనే దాటుతుంది. ‘ఒక్క గ్లాసే కదా’ అని స్కూటరు తాళాలు అందుకోవడం ఎంత ప్రమాదమో చూడండి.

జిన్‌లో టానిక్ వాటర్ కలుపుకుని, పేరులో టానిక్ ఉంది గనుక ఒంటికి మంచిదనుకునేవారూ ఉన్నారు. ఆ నీటి చేదు క్వినైన్‌ది. బ్రిటిష్‌వారి కాలంలో మలేరియా రాకుండా క్వినైన్ పుచ్చుకునేవారు. ఆ చేదును మింగడానికి జిన్ తోడయింది. ఇప్పటి టానిక్ వాటర్‌లో క్వినైన్ చాలా స్వల్పం. లీటరుకు 83 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికాలో నియమం. మలేరియా వచ్చిన పెద్దవారికి ఒక్కసారి ఇచ్చే మోతాదే 600 మిల్లీగ్రాములు. కాబట్టి మనవాళ్లు మద్యాన్ని ‘మందు’ అన్నంత మాత్రాన అది మందు కాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం. మీ స్నేహితుల్లో షుగరు వ్యాధి ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? మీ వయసువారిలో ఒకరిద్దరు ఉండే అవకాశం ఎక్కువ. భోజనం ఆలస్యమైనప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది లివరు. అది ఆల్కహాలును వదిలించుకునే పనిలో ఉన్నంతసేపూ చక్కెరను సరిగా తయారు చేయలేదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకున్నవారికీ, ఇన్సులిన్ తీసుకున్నవారికీ అటువంటప్పుడు చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా పడిపోవచ్చు. గ్లాసులో తీపి ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు. ఆ తీపి ముందు చక్కెరను పెంచుతుంది. తర్వాత రాబోయే పతనాన్ని ఆపలేదు.

ఒక రాత్రి మా క్యాజువాలిటీకి యాభై ఏళ్ల మనిషిని తెచ్చారు. నోట మద్యం వాసన. మాట ముద్ద, ఒళ్లంతా చెమట. ‘ఎక్కువైంది, పడుకుంటే తగ్గుతుందని రెండు గంటలు వదిలేశాం’ అన్నారు వెంట వచ్చినవారు. రక్తంలో చక్కెర చూస్తే 34. నరంలోకి గ్లూకోజు ఎక్కించగానే కళ్లు తెరిచి తాను ఎక్కడున్నానని అడిగాడు. తెల్లవారేదాకా అలాగే పడుకోనిచ్చి ఉంటే మెదడు దెబ్బతినేది, ప్రాణమే పోయేదేమో. షుగరు రోగి తూలుతుంటే, ముద్దగా మాట్లాడుతుంటే తాగుడే కారణమని సరిపెట్టుకోకండి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే వెంటనే చూడండి. స్పృహ ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

నిద్రమాత్రలు, మూర్ఛ మందులు వాడేవారు, లివరు జబ్బు ఉన్నవారు, గర్భిణులు మద్యం అసలు ముట్టకూడదు. మెట్రోనిడజోల్ వాడుతున్నవారు ఆ రోజుల్లోనూ, మానిన తర్వాత మూడు రోజులూ దూరంగా ఉండాలి. కెఫీన్ ఉన్న ఎనర్జీ డ్రింకులు మద్యంలో కలపకండి. అవి మగతను కప్పుతాయే తప్ప మత్తును తగ్గించవు.

ఎంత తాగితే క్షేమం అని మీరు అడగలేదు గాని, చాలామంది అడుగుతారు. క్షేమమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగనివారు ఆరోగ్యం కోసమని మొదలుపెట్టవలసిన పని లేదు. అయినా కలిపేవారు ఈ పద్ధతులు పాటించండి.

1. కొలత గ్లాసు లేనిదే సీసా మూత తీయకండి. గ్లాసుకు 30 మిల్లీలీటర్లు మించనివ్వకండి.

2. ముందు భోజనమో ఫలహారమో పెట్టండి. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య గంటన్నర వ్యవధి, ఒక గ్లాసు మంచినీళ్లు ఉండాలి.

3. ఖాళీ కాని గ్లాసులో మళ్లీ పోయకండి. ఎన్ని అయ్యాయో తాగేవారికి లెక్క తెలియదు.

4. మద్యం కలిపినవీ, కలపనివీ వేరు వేరు రంగుల గ్లాసుల్లో ఇవ్వండి. తియ్యటి గ్లాసు పిల్లల చేతికి చిక్కితే ప్రాణాపాయం.

5. తాగినవారి చేతికి బండి తాళాలు ఇవ్వకండి.

చివరగా, మద్యం లేని గ్లాసు ఒకటి. పది పుదీనా ఆకులు, చిన్న అల్లం ముక్క కలిపి నలపండి. అరచెక్క నిమ్మరసం, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, ఐసు వేసి సోడాతో నింపండి. పంచదార వేయకపోతే షుగరు ఉన్నవారికీ, ఉప్పు వేయకపోతే బి.పి. ఉన్నవారికీ ఇబ్బంది ఉండదు. మీ ఇంట్లో ముందుగా ఈ గ్లాసే అందరికీ అందించండి. ‘వద్దు’ అనడానికి మొహమాటపడే స్నేహితుడు అది చేతిలో పట్టుకుని హాయిగా కబుర్లు చెబుతాడు.