పెళ్లి కాని తల్లిదండ్రులు.. బిడ్డపై ఇద్దరికీ సమాన అధికారం ఉంటుందా?

పిల్లల పేరిట బ్యాంకు ఖాతా తెరిచే ఫారంలో ‘గార్డియన్‌’ అని ఒక గడి ఉంటుంది. పెళ్లయిన దంపతులు దాని గురించి రెండోసారి ఆలోచించరు. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న ఇద్దరికి బిడ్డ పుడితే ఆ గడిలో ఎవరి పేరు రాయాలి? ఇద్దరూ సంరక్షకులమేనని చెప్పుకోవడానికి వీలుందా? ఉత్తరాఖండ్‌ ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరి 27న అమల్లోకి వచ్చాక సహజీవనం రిజిస్ట్రేషన్‌ మీద బోలెడు చర్చ జరిగింది. ఆ బంధంలో పుట్టే పిల్లల సంగతి మాత్రం పక్కకు పోయింది. గ్రూప్స్‌, సివిల్స్‌ రాసేవాళ్లు ఈ కోణాన్ని వదలొద్దు.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. కస్టడీ అంటే బిడ్డ ఎవరి దగ్గర పెరుగుతుందనేది. గార్డియన్‌షిప్‌ అంటే బిడ్డ తరఫున చట్టపరంగా నిర్ణయాలు తీసుకునే అధికారం. ఆస్తి వ్యవహారాలు, సంతకాలు దీని కిందికి వస్తాయి. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

హిందువులకు వర్తించేది హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం-1956. (ఇక్కడ మైనారిటీ అంటే అల్పసంఖ్యాకులు కాదు, మైనర్‌గా ఉండటం. ప్రిలిమ్స్‌లో తడబడేది ఇక్కడే!) దీని 6వ సెక్షన్‌ ప్రకారం వివాహబంధంలో పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. వివాహేతరంగా పుట్టిన బిడ్డకైతే తల్లి, ఆమె తర్వాత తండ్రి. రెండుచోట్లా వరస మారిందే తప్ప ‘ఇద్దరూ కలిసి’ అనే మాట ఎక్కడా లేదు.

అసలు చిక్కు ఇదే. పెళ్లి లేకపోయినా బిడ్డకు పోషణ ఖర్చు ఇవ్వాల్సిన బాధ్యత తండ్రికి ఉంది. పాత సీఆర్‌పీసీ 125, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌ 144వ సెక్షన్‌ ఆ మాటే చెబుతున్నాయి. కానీ తల్లి ఉండగా అదే తండ్రికి సహజ సంరక్షకుడి హోదా రాదు. డబ్బు కట్టమనే చట్టం, సంతకం పెట్టనివ్వదు. తల్లిని ఒంటరిగా వదిలేసి వెళ్లినవాళ్లను దృష్టిలో పెట్టుకుంటే ఈ నిబంధన సబబే. రోజూ బిడ్డను స్కూల్లో దింపే తండ్రికీ అదే కొలత వాడటమే సమస్య.

సుప్రీంకోర్టు ఈ వరసను కొంత సడలించింది. రచయిత్రి గీతా హరిహరన్‌ తన కుమారుడి పేరిట బాండ్లు తీసుకోబోతే తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు అడిగింది. ఆ కేసులో 1999లో తీర్పునిస్తూ, ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, ఆయన బాధ్యత తీసుకోని సందర్భాల్లో కూడా అని కోర్టు వివరించింది. 2015 జులై 6న ఏబీసీ వర్సెస్‌ ఢిల్లీ ప్రభుత్వం కేసులో మరో అడుగు పడింది. అవివాహిత అయిన ఒక క్రైస్తవ తల్లి తన పొదుపు, బీమాలకు కుమారుణ్ని నామినీగా పెట్టాలనుకుంటే తండ్రి పేరు చెప్పమన్నారు, లేదా గార్డియన్‌షిప్‌ సర్టిఫికెట్‌ తెమ్మన్నారు. తండ్రికి నోటీసు ఇవ్వకుండానే ఆమె దరఖాస్తును పరిశీలించవచ్చని కోర్టు తేల్చింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారి, తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఉంటే చాలన్నారు.

గమనించారా? ఇవన్నీ ఒంటరి తల్లికి ఊరటనిచ్చినవి. ఇద్దరూ కలిసి బాధ్యత పంచుకుంటామంటే దారి ఏమిటన్నది వీటిలో దొరకదు.

ఇక మిగిలింది 1890 నాటి గార్డియన్స్‌ అండ్‌ వార్డ్స్‌ చట్టం. బిడ్డ నివసించే ప్రాంతంలోని కోర్టులో, ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడే, పిటిషన్‌ వేయాలి. బిడ్డ సంక్షేమమే అక్కడ గీటురాయి. 15వ సెక్షన్‌ ఉమ్మడి సంరక్షకుల నియామకానికి వీలిస్తుంది కానీ, బిడ్డకు వర్తించే చట్టం అందుకు ఒప్పుకుంటేనే. పైగా తల్లి లేదా తండ్రి బతికుండి, అనర్హులు కాకపోతే మరొకరిని నియమించకూడదని 19వ సెక్షన్‌ అడ్డొస్తుంది. అంటే లాయరు, వాయిదాలు అన్నీ అయ్యాక కూడా ఫలితం ఖాయం కాదు.

జర్మనీలో పరిస్థితి వేరు. మాస్టర్స్‌కు అక్కడికి వెళ్లే మనవాళ్లు ‘యూగెండ్‌ఆమ్ట్‌’ పేరు వినే ఉంటారు, అది పిల్లల సంక్షేమ కార్యాలయం. పెళ్లి కాని తల్లిదండ్రులు అక్కడ గానీ, నోటరీ దగ్గర గానీ ఉమ్మడి సంరక్షణ ప్రకటన ఇస్తే చాలు. బిడ్డ పుట్టకముందే ఇవ్వొచ్చు. ప్రకటన లేకపోతే అధికారం తల్లిదే. ఒకప్పుడు తల్లి వద్దంటే తండ్రికి మార్గమే ఉండేది కాదు. 2009లో యూరోపియన్‌ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టాక, 2013లో చట్టం మార్చారు. ఇప్పుడు తండ్రి ఫ్యామిలీ కోర్టుకు వెళ్లొచ్చు, బిడ్డ మేలుకు విరుద్ధం కాకపోతే కోర్టు అనుమతిస్తుంది. నెదర్లాండ్స్‌ ఇంకా ముందుకెళ్లింది. 2023 జనవరి 1 నుంచి, తండ్రి బిడ్డను తన బిడ్డగా అధికారికంగా గుర్తిస్తే సాధారణంగా ఉమ్మడి అధికారం దానంతటదే వస్తుంది.

మళ్లీ ఉత్తరాఖండ్‌కు వద్దాం. సహజీవనంలో పుట్టిన బిడ్డ చట్టబద్ధ సంతానమేనని ఆ స్మృతి చెప్పింది. మంచిదే. కానీ అది పెళ్లి, విడాకులు, వారసత్వం, సహజీవనం వరకే పరిమితం, సంరక్షకత్వాన్ని ముట్టుకోలేదు. మరి చట్టబద్ధ సంతానం అనగానే 1956 చట్టంలోని మొదటి వరస వర్తిస్తుందా? అలాగైతే ఇన్నాళ్లూ ముందున్న తల్లి రెండో స్థానానికి వెళ్తుంది. బిడ్డ హోదా పెరిగితే తల్లి హోదా తగ్గడమా! మెయిన్స్‌లో విశ్లేషణ అడిగితే రాయాల్సిన పాయింట్‌ ఇది.

తండ్రికే ముందు స్థానం ఇచ్చే నిబంధనను తొలగించి తల్లినీ సమానంగా నిలపాలని లా కమిషన్‌ 2015లోనే తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. 6వ సెక్షన్‌ ఇంకా అలాగే ఉంది. ఈలోగా ఇలాంటి జంటకు అందుబాటులో ఉన్న ఒక చిన్న ఏర్పాటు వీలునామా. వివాహేతరంగా పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకురాలైన తల్లి, తన తర్వాత ఎవరు చూసుకోవాలో వీలునామాలో రాయొచ్చని 1956 చట్టం 9వ సెక్షన్‌ చెబుతోంది. అందులో తండ్రి పేరే రాయొచ్చు. అయితే అది అమలయ్యేది ఆమె పోయాకే.