అంచు బొమ్మను మింగకూడదు



చీరకు అంచు ఉంటుంది. గోడమీది పటానికి చట్రం ఉంటుంది. అలాగే వెబ్ పేజీలో పెట్టే బొమ్మకు కూడా అందమైన అంచు కట్టవచ్చు. ఎలా కట్టాలో చెప్పేముందు ఎలా కట్టకూడదో చెబుతాను. ఎందుకంటే, ఆ తప్పు చేసినవాణ్ణి నేనే!

మా బడి వెబ్ పేజీలో పెడదామని 1986 నాటి గ్రూపు ఫోటో ఒకటి స్కాన్ చేశాను. బోసిగా కనిపించింది. కంప్యూటరులో బొమ్మలు గీసే సాధనం తెరిచి, ఫోటో నాలుగు పక్కలా ఎర్రపూల తీగ గీశాను. ముచ్చటగా ఉందనుకుని దాన్నే పేజీలో పెట్టేశాను.

మర్నాడు ఒకావిడ ఫోను చేసింది.

"మాష్టారూ, ఆ ఫోటోలో కుడివైపు చివర మా నాన్న ఉండాలి గదండీ? కనబడటం లేదేం?"

వాళ్ల నాన్న మా బడిలో గంట కొట్టేవాడు. ఎప్పుడు ఫోటో తీసినా ఒదిగి ఒదిగి చివరనే నిలబడేవాడు. నేను గీసిన పువ్వు సరిగా ఆయన ముఖం మీద కూర్చుంది! ఆయన పోయి చాలా ఏళ్లయింది. వాళ్లింట్లో ఆయన ఫోటో మరొకటి లేదట. నాకు తల కొట్టేసినట్లయింది.

కాగితం ఫోటో నా పెట్టెలో భద్రంగా ఉంది గనుక బతికిపోయాను. మళ్లీ స్కాన్ చేశాను. ఈసారి బొమ్మను ముట్టుకోలేదు. అంచును ఆజ్ఞగా రాశాను.

ఆజ్ఞ ఏమిటంటారా? వెబ్ పేజీ ఎలా కనబడాలో చెప్పే సూత్రాలను సి.ఎస్.ఎస్. అంటారు. వాటి మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. అంచు కావాలంటే అందులో మూడు సంగతులు చెప్పాలి: మందం, తీరు, రంగు. "15 పిక్సెళ్లు, డబుల్, ఎరుపు" అన్నామనుకోండి. పేజీ తెరిచినప్పుడల్లా బ్రౌజరు ఆ మాట చదివి, బొమ్మకు వెలుపల జంట గీతల ఎర్ర అంచు గీస్తుంది. ఆజ్ఞ చెరిపేస్తే అంచు పోతుంది. బొమ్మ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

ఒక్కగీతకు సాలిడ్, చుక్కలకు డాటెడ్, తెగిన గీతలకు డాష్డ్ అనాలి. మందం, రంగు చెప్పి తీరు చెప్పడం మరిచారో, అసలు అంచే కనబడదు!

ఇక లెక్క. బొమ్మ వెడల్పు 300, ఎత్తు 200 పిక్సెళ్లు. అంచు మందం 15. మొత్తం వెడల్పు ఎంత? 315 అని తొందరపడకండి. తోట చుట్టూ బాట లెక్కలు చేశారు గదా? బాట రెండు పక్కలా ఉంటుంది. అందుచేత వెడల్పు 330, ఎత్తు 230. వేరే ఆజ్ఞ ఇవ్వనంతవరకు బ్రౌజరు కూడా ఇలాగే లెక్క కడుతుంది.

మరి పూలతీగ అంచు కావాలంటే? దానికీ ఉపాయం ఉంది. 90 పిక్సెళ్ల చదరంలో పూల అంచు ఒకటి గీసి ఇస్తే, బ్రౌజరు దాన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేస్తుంది. మొత్తం తొమ్మిది ముక్కలు. నాలుగు మూల ముక్కలు నాలుగు మూలలకు పోతాయి. పక్క ముక్కలు పక్కలకు పోతాయి. నడిమి ముక్కను వదిలేస్తుంది. అక్కడ మన బొమ్మ ఉండాలి గదా!

పక్క ముక్క 30 పిక్సెళ్లు, బొమ్మ వెడల్పు 300 అయితే సరిగా పది పూలు పడతాయి. వెడల్పు 310 అయితే? శేషం 10. ఆ శేషాన్ని ఏం చేయాలో మనమే చెప్పాలి. స్ట్రెచ్ అంటే ఒకే పువ్వును 310 దాకా సాగదీస్తుంది. పువ్వు వికారంగా తయారవుతుంది. రిపీట్ అంటే పూలు వరసగా పేర్చి, చివర్లలో పట్టని వాటిని కోసేస్తుంది. రౌండ్ అంటే ఒక్కొక్క పువ్వును 31 పిక్సెళ్లు చేసి, పదింటినీ నిండుగా అమరుస్తుంది. స్పేస్ అంటే పూలను ముట్టుకోక, మిగిలిన పదినీ సందులుగా పంచిపెడుతుంది. నేను రౌండ్ అన్నాను. ఒక్క పువ్వూ తెగలేదు. ఒక్క ముఖమూ మరుగు కాలేదు.

ఆ సాయంత్రం ఆవిడ మళ్లీ ఫోను చేసింది. "నాన్న కనబడ్డాడండీ," అన్నది. అంచు సంగతి ఆవిడ ఎత్తనే లేదు. మంచి అంచుకు అంతకన్న మెప్పు ఏం కావాలి?

మీకొక లెక్క: బొమ్మ వెడల్పు 328, పూల ముక్క 40, అంచు మందం కూడా 40. నిండు పూలు ఎన్ని పడతాయి? శేషమెంత? రౌండ్ అంటే ఒక్కొక్క పువ్వు ఎంత అవుతుంది? అంచుతో కలిపి మొత్తం వెడల్పు ఎంత? చేసి మీ నాన్నగారికో, అమ్మగారికో చూపించండి. జవాబులు వరసగా 8, 8, 41, 408 వస్తే, మీరు కూడా అంచు కట్టగలరన్నమాటే!